యూనిట్ 9: ఆల్టో పరిధి – గొంతులు, వాద్యాలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
– ‘ఆల్టో’ అనే మాట ఎలా పుట్టిందో, దాని అర్థం ఎలా మారిందో వివరించగలుగుతారు.
– గొంతు పరిధిని నిర్ణయించే శారీరక కారణాలను చెప్పగలుగుతారు.
– మన శ్రుతి లెక్కను పాశ్చాత్య స్వరాలతో, పౌనఃపున్యాలతో పోల్చగలుగుతారు.
– వయోలా, ఆల్టో శాక్సఫోన్, బారి నాదస్వరం వంటి వాద్యాల స్థానాన్ని గుర్తించగలుగుతారు.
– ఒక బృందానికి, ఒక పాటకు తగిన శ్రుతిని ఎంపిక చేయగలుగుతారు.

9.1 పరిచయం

నల్లమాడలో ఒక ఉన్నత పాఠశాలలో మీరు ఉపాధ్యాయులుగా చేరారనుకోండి. ఉదయం ప్రార్థనకు పిల్లలను ఎంపిక చేసే పని మీకు అప్పగించారు. పదిమంది ఆడపిల్లలు వచ్చి ఒకే పాటను ఒకే శ్రుతిలో పాడారు. ఎనిమిదిమంది పైస్వరాలను సులువుగా అందుకున్నారు. ఇద్దరికి చరణం దగ్గర గొంతు చీలిపోయింది. ఆ ఇద్దరినీ ‘మీకు గొంతు లేదు’ అని పంపించివేయడం చాలాచోట్ల జరిగే పని. ‘మగగొంతు’ అని తోటిపిల్లలు వెక్కిరించడం కూడా ఉంటుంది. ఆ పిల్లలు తరువాత జీవితంలో నోరు తెరిచి పాడకపోవచ్చు.

నిజానికి అక్కడ తప్పింది గొంతు కాదు, శ్రుతి. అదే పాటను నాలుగైదు మెట్లు దించి పాడించి ఉంటే ఆ ఇద్దరే నిండుగా పాడి, మిగిలినవారు కింది స్వరాల దగ్గర తడబడి ఉండేవారేమో. స్త్రీల గొంతుల్లో కింది భాగంలో నిండుగా పలికే గొంతును పాశ్చాత్య సంగీతంలో ‘ఆల్టో’ అంటారు. ఆల్టో ఒక లోపం కాదు. దానికంటూ ఒక చోటు, ఒక పని ఉన్నాయి. మన శాస్త్రీయ సంగీత కచేరీల్లో స్త్రీలు పాడే చోటు కూడా దాదాపు అదే. ఈ విషయాన్ని చరిత్రతో, లెక్కలతో ఈ యూనిట్‌లో పరిశీలిద్దాం.

ముందుగా ఒక మాట. కర్ణాటక సంగీతంలో ‘స్థాయి’ అంటే షడ్జం నుంచి పై షడ్జం వరకు ఉన్న స్వరాల సముదాయం. అందువల్ల గందరగోళం లేకుండా, ఒక గొంతు గానీ వాద్యం గానీ పలికించగల మొత్తం స్వరాల విస్తృతిని ఈ యూనిట్‌లో ‘పరిధి’ అని వ్యవహరిస్తున్నాం.

9.2 పేరు వెనుక ఉన్న చరిత్ర

‘ఆల్టో’ ఇటాలియన్ మాట. దాని మూలం లాటిన్‌లోని ‘ఆల్టుస్’. అర్థం ‘ఎత్తయినది’. స్త్రీల గొంతుల్లో తక్కువ శ్రుతి గొంతుకు ‘ఎత్తయినది’ అనే పేరు ఎందుకు వచ్చింది?

దీనికి సమాధానం 15వ శతాబ్దపు యూరప్ చర్చి సంగీతంలో ఉంది. అప్పటి బహుస్వర గానంలో ప్రధాన రాగాన్ని పట్టి నిలిపే గొంతును ‘టెనర్’ అనేవారు. ‘పట్టి ఉంచేది’ అని ఆ మాటకు అర్థం. దానికి జోడుగా నడిచే గొంతు ‘కాంట్రాటెనర్’. కాలక్రమంలో కాంట్రాటెనర్ రెండుగా చీలింది. టెనర్‌కు పైన నడిచేది ‘కాంట్రాటెనర్ ఆల్టుస్’, కింద నడిచేది ‘కాంట్రాటెనర్ బాసుస్’. మొదటి దాని నుంచి ‘ఆల్టో’, రెండవ దాని నుంచి ‘బాస్’ అనే పేర్లు మిగిలాయి. అంటే ఆల్టో ఎత్తయినది పురుషుల టెనర్‌తో పోల్చినప్పుడు మాత్రమే.

ఆ రోజుల్లో చర్చి గాయక బృందాల్లో స్త్రీలకు ప్రవేశం ఉండేది కాదు. పైభాగాలను బాలురు, లేదా దొంగ గొంతుతో పాడగలిగిన పురుషులు పాడేవారు. అలా పాడే పురుషుణ్ణి నేడు ‘కౌంటర్‌టెనర్’ అంటున్నారు. స్త్రీలు బృందగానంలోకి వచ్చిన తరువాత అదే భాగం తక్కువ శ్రుతి గల స్త్రీలకు దక్కింది. పాడేవారు మారారు, పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. ఒంటరిగా పాడే స్త్రీ గాయని విషయంలో ‘కాంట్రాల్టో’ అనే మాట వాడతారు. బృందగానంలోని భాగానికి ‘ఆల్టో’ అనే పేరే వాడుకలో ఉంది.

తెలుగు నాటకరంగంలోనూ దీనికి దగ్గరి పోలిక కనిపిస్తుంది. స్త్రీ పాత్రలను పురుషులు ధరించే కాలంలో బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామ వంటి పాత్రలను ధరించి, ఆ పాత్రల పాటలను, పద్యాలను తానే పాడి మెప్పించారు. 1956లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. మరోవైపు 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటక సమాజం స్త్రీలను రంగస్థలం మీదకు తెచ్చింది. పురుషుడు స్త్రీ పాత్రలో పాడినా, స్త్రీ తానే పాడినా, రెండు గొంతులూ కలిసే ఒక ఉమ్మడి ప్రాంతం ఉంటుందని ఈ ఉదాహరణలు సూచిస్తాయి. ఆ ఉమ్మడి ప్రాంతమే ఆల్టో పరిధి.

9.3 గొంతు పరిధి దేనిమీద ఆధారపడుతుంది?

స్వరపేటికలో ఉన్న రెండు స్వరతంత్రులు ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి కంపించి ధ్వనిని పుట్టిస్తాయి. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తాయో దాన్ని పౌనఃపున్యం అంటారు. దాని ప్రమాణం హెర్ట్జ్. వీణ తీగకు వర్తించే సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. తంత్రి పొడవుగా, మందంగా ఉంటే కంపనాలు తగ్గుతాయి. బిగుతుగా ఉంటే పెరుగుతాయి.

వయోజన స్త్రీలలో స్వరతంత్రుల పొడవు సుమారు 12.5 నుంచి 17.5 మిల్లీమీటర్లు, పురుషులలో సుమారు 17.5 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటుంది. అందుకే మాట్లాడేటప్పుడు పురుషుని గొంతు సాధారణంగా 100–130 హెర్ట్జ్ ప్రాంతంలో, స్త్రీ గొంతు 200 హెర్ట్జ్ ప్రాంతంలో పలుకుతుంది. స్త్రీలందరి తంత్రులు ఒకే పొడవులో ఉండవు. పొడవైన, మందమైన తంత్రులు గల స్త్రీ గొంతు సహజంగానే కిందికి ఉంటుంది. దీన్ని సాధనతో కొంత విస్తరించవచ్చు గానీ మొత్తంగా మార్చలేం. మగపిల్లలకు యౌవనారంభంలో తంత్రులు వేగంగా పెరిగి గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. అంతకు ముందు బాలబాలికల గొంతుల మధ్య పెద్ద తేడా ఉండదు.

ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. ఒకటి, ఒక గొంతు ఎలాగో ఒకలా అందుకోగల చివరి హద్దులు. రెండవది, ఆ గొంతు అలసట లేకుండా ఎక్కువసేపు నిలకడగా పాడగల చోటు. దీన్ని మనం ‘సుఖ పరిధి’ అని పిలుద్దాం. గొంతును ఆల్టో అనో, సొప్రానో అనో నిర్ణయించేది ఈ సుఖ పరిధే. ఒక ఆల్టో గాయని అప్పుడప్పుడు సొప్రానో స్వరాన్ని తాకగలదు. కానీ అక్కడే గంటసేపు ఉండలేదు. బలవంతంగా ఉంచితే స్వరతంత్రులు వాస్తాయి, గొంతు బొంగురుపోతుంది. ఏళ్ల తరబడి అలాగే సాగితే తంత్రుల మీద కాయల వంటి గడ్డలు ఏర్పడవచ్చు.

మన సంగీత శాస్త్రకారులు కూడా ధ్వని పలికే చోట్లను గుర్తించారు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరం మంద్రానికి హృదయాన్ని, మధ్యకు కంఠాన్ని, తారానికి శిరస్సును స్థానాలుగా చెబుతుంది. నేటి గాత్ర శిక్షణలో చెప్పే ఛాతి గొంతు, తల గొంతు అనే విభజనకు ఇది దగ్గరగా ఉంటుంది. పాడేవారికి కలిగే కంపన అనుభూతి నుంచే ఈ రెండు విభజనలూ వచ్చాయి. ఆల్టో గొంతు బలం ఛాతి నుంచి కంఠం వరకు ఉన్న భాగంలో ఉంటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. ‘ఆల్టో’ అనే మాటకు అసలు అర్థం ఏమిటి?
2. సుఖ పరిధి అంటే ఏమిటి?

9.4 మన శ్రుతి లెక్కలో ఆల్టో

హార్మోనియం పెట్టెను చూసినవారికి ‘ఒకటి శ్రుతి’, ‘ఐదున్నర శ్రుతి’ వంటి మాటలు తెలిసినవే. తెల్ల మెట్లకు ఒకటి నుంచి ఏడు వరకు పూర్ణసంఖ్యలు, నల్ల మెట్లకు ‘అర’ కలిపిన సంఖ్యలు వాడతారు. పాశ్చాత్య స్వరాలతో వాటిని ఇలా పోల్చవచ్చు. పౌనఃపున్యాలు పురుషుని మధ్య షడ్జం ఉండే స్థాయికి ఇవ్వబడ్డాయి.

పట్టిక 9.1
1 శ్రుతి – సి – 130.8 హెర్ట్జ్
2 శ్రుతి – డి – 146.8 హెర్ట్జ్
3 శ్రుతి – ఇ – 164.8 హెర్ట్జ్
4 శ్రుతి – ఎఫ్ – 174.6 హెర్ట్జ్
5 శ్రుతి – జి – 196.0 హెర్ట్జ్
5½ శ్రుతి – జి షార్ప్ – 207.7 హెర్ట్జ్
6 శ్రుతి – ఎ – 220.0 హెర్ట్జ్
7 శ్రుతి – బి – 246.9 హెర్ట్జ్

పాశ్చాత్య బృందగానంలో నాలుగు గొంతుల పరిధులు సుమారుగా ఇలా ఉంటాయి.

పట్టిక 9.2
సొప్రానో: 262 నుంచి 880 హెర్ట్జ్
ఆల్టో: 196 నుంచి 659 హెర్ట్జ్
టెనర్: 131 నుంచి 440 హెర్ట్జ్
బాస్: 82 నుంచి 330 హెర్ట్జ్

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. కర్ణాటక సంగీతంలో సాధారణంగా మంద్ర పంచమం నుంచి తార పంచమం వరకు, అంటే రెండు స్థాయిల మేర పాడతారు. మంద్ర పంచమం షడ్జంలో నాలుగింట మూడు వంతులు. తార పంచమం షడ్జానికి మూడు రెట్లు.

పురుషుడు ఒకటి శ్రుతిలో పాడితే షడ్జం 131, మంద్ర పంచమం 98, తార షడ్జం 262, తార పంచమం 392 హెర్ట్జ్. పట్టిక 9.2తో పోలిస్తే ఇది బాస్ పైభాగాన్ని, టెనర్ పరిధిలో ఎక్కువ భాగాన్ని కలుపుకుంటుంది.

స్త్రీ ఐదు శ్రుతిలో పాడితే షడ్జం 196, మంద్ర పంచమం 147, తార షడ్జం 392, తార పంచమం 588 హెర్ట్జ్. ఇక్కడ ఆగి గమనించండి. మధ్య షడ్జం నుంచి తార పంచమం వరకు ఉన్న భాగమంతా ఆల్టో పరిధిలోనే ఇమిడిపోయింది. మంద్రంలోకి దిగినప్పుడు గాయని బృందగాన ఆల్టో హద్దు కంటే కూడా కిందికి వెళుతున్నది. అంటే నాలుగున్నర నుంచి ఆరు శ్రుతుల మధ్య కచేరీ చేసే మన గాయనులు పాశ్చాత్య లెక్కలో ఆల్టో గాయనులే. డి.కె. పట్టమ్మాళ్ వంటి విదుషీమణుల గంభీరమైన గాత్రాన్ని తలచుకుంటే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది.

మరొక విషయం. పురుషుని తార పంచమం, స్త్రీ తార షడ్జం రెండూ 392 హెర్ట్జ్ దగ్గరే కలుస్తున్నాయి. ఒకే ధ్వని పురుషుడికి శిఖరం, స్త్రీకి ఇంకా పైకి వెళ్ళడానికి మిగిలిన మెట్టు. ఎత్తు, లోతు అనేవి పాడేవారిని బట్టి ఉంటాయని దీనివల్ల తెలుస్తుంది.

మరి ‘ఆడగొంతు అంటే సన్నగా, పైకి ఉండాలి’ అనే అభిప్రాయం ఎక్కడిది? రెండు కారణాలు చెప్పుకోవచ్చు. మొదటిది, మైకు లేని కాలం. మన చెవి 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ధ్వనులను బాగా పట్టుకుంటుంది. హెచ్చు శ్రుతిలో బిగ్గరగా పాడే గొంతులో ఆ ప్రాంతపు ధ్వనులు బలంగా ఉంటాయి. ఆరుబయట చెక్కభజన పాడే గురువు గానీ, రాత్రంతా పద్యనాటకం ఆడే నటుడు గానీ చివరి వరుస దాకా వినిపించాలంటే హెచ్చు శ్రుతి పట్టక తప్పేది కాదు. రెండవది, సినిమా నేపథ్యగానం. అందులో నాయికల పాటలు చాలావరకు కచేరీ శ్రుతి కంటే పైన నడుస్తాయి. రోజూ వినే పాటలే కొలమానమై, వాటిని అందుకోలేని గొంతు ‘పనికిరాని గొంతు’గా కనిపించసాగింది. మైకు వచ్చి దశాబ్దాలు గడిచినా మొదటి అలవాటు పూర్తిగా పోలేదు.

తక్కువ శ్రుతి గొంతుతోనే పేరు పొందినవారు ఉన్నారు. 1947లో ముంబైలో పుట్టిన ఉషా ఉతుప్ బరువైన గొంతుతో తెలుగుతో సహా అనేక భాషల్లో పాడారు. బడిలో తన గొంతు సంగీతం తరగతికి సరిపోదన్నారని ఆమె చెప్పుకున్నారు. 2011లో పద్మశ్రీ, 2024లో పద్మభూషణ్ ఆమెకు లభించాయి. అమెరికాకు చెందిన నల్లజాతి కాంట్రాల్టో గాయని మేరియన్ ఆండర్సన్‌కు 1939లో వాషింగ్టన్‌లోని ఒక ప్రముఖ సభామందిరంలో వర్ణవివక్ష వల్ల అనుమతి దొరకలేదు. అదే ఏడాది ఏప్రిల్ 9న లింకన్ స్మారకం మెట్ల మీద ఆమె పాడగా సుమారు 75,000 మంది విన్నారు.

9.5 వాద్యాల్లో ఆల్టో

పాశ్చాత్య సంగీతంలో ఒకే రకం వాద్యాన్ని వేర్వేరు పరిమాణాల్లో తయారుచేసి, గొంతుల పేర్లతోనే పిలుస్తారు. వాద్యం పెద్దదయ్యే కొద్దీ శ్రుతి దిగుతుంది. తంబూరలోనూ ఇదే సూత్రం ఉంది. స్త్రీల శ్రుతికి వాడే తంబూర, పురుషుల శ్రుతికి వాడే తంబూర కంటే చిన్నది.

9.5.1 వయోలా

వయొలిన్ కుటుంబంలో ఆల్టో స్థానం వయోలాది. వయొలిన్ తీగలు పాశ్చాత్య పద్ధతిలో 196, 294, 440, 659 హెర్ట్జ్‌లకు, వయోలా తీగలు 131, 196, 294, 440 హెర్ట్జ్‌లకు శ్రుతి చేస్తారు. అంటే వయోలా వయొలిన్‌కు ఒక పంచమం కింద ఉంటుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. పంచమం కిందికి దిగాలంటే వాద్యం కొలతలన్నీ ఒకటిన్నర రెట్లు పెరగాలి. వయొలిన్ పెట్టె పొడవు సుమారు 35.5 సెంటీమీటర్లు కాబట్టి వయోలా పెట్టె 53 సెంటీమీటర్లు ఉండాలి. అంత పెద్ద వాద్యాన్ని భుజం మీద పెట్టుకుని వాయించడం సాధ్యం కాదు. అందువల్ల వయోలాను సాధారణంగా 38 నుంచి 43 సెంటీమీటర్ల మధ్య తయారుచేస్తారు. శ్రుతికి తగినంత పెద్ద పెట్టె లేకపోవడం వల్ల దాని ధ్వని కొంత ముసుగు వేసినట్లు, మెత్తగా, ముక్కుతో పలికినట్లు ఉంటుంది. లెక్కప్రకారం లోపమైన ఆ గుణమే వయోలాకు ప్రత్యేకతగా నిలిచింది.

తెలుగువారికి వయోలా పేరు చెప్పగానే గుర్తుకు రావలసినవారు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016). తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన ఆయన గాయకునిగా ప్రపంచ ప్రసిద్ధులు. వయోలా వాదనలోనూ పేరు తెచ్చుకున్నారు.

కర్ణాటక వయొలిన్ విషయంలో కూడా ఆసక్తికరమైన సంగతి ఉంది. మన విద్వాంసులు తీగలను స–ప–స–ప అని శ్రుతి చేస్తారు. ఒకటి శ్రుతికి సరిచేసినప్పుడు సాధారణంగా తీగలు 131, 196, 262, 392 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటాయి. మొదటి రెండు సంఖ్యలను వయోలా తీగలతో పోల్చండి. రెండూ ఒకటే. పేరుకు వయొలిన్ అయినా, మన చేతుల్లో అది చాలాసార్లు ఆల్టో పరిధిలోనే పలుకుతున్నది. మన సంగీతం గాత్రప్రధానం కావడం వల్ల వాద్యం గొంతు దగ్గరికి దిగివచ్చింది.

9.5.2 ఆల్టో శాక్సఫోన్

బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ తాను రూపొందించిన శాక్సఫోన్‌కు 1846లో పారిస్‌లో పేటెంటు పొందాడు. సొప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్ అనేవి ఈ కుటుంబంలో ఎక్కువగా వాడే వాద్యాలు. ఆల్టో శాక్సఫోన్ మామూలుగా 139 నుంచి 831 హెర్ట్జ్ వరకు పలుకుతుంది. ఐదు శ్రుతి గాయని పాడే 147–588 హెర్ట్జ్ పరిధి మొత్తం ఇందులో ఇమిడిపోతుంది.

మన పొరుగున ఉన్న కర్ణాటకకు చెందిన కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) ఆల్టో శాక్సఫోన్‌ను కర్ణాటక సంగీత వాద్యంగా నిలబెట్టారు. ఆయన తండ్రి నాదస్వర విద్వాంసుడు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని గోపాల్‌నాథ్ ఆ వాద్యం వైపు మళ్ళారు. విడివిడి మీటలతో పలికే వాద్యం మీద గమకాలు పలికించడం కష్టం. వాద్యంలో కొన్ని మార్పులు చేసుకుని, దీర్ఘ సాధనతో ఆయన దాన్ని సాధించారు. 1994లో లండన్‌లో బి.బి.సి. ప్రామ్స్ ఉత్సవంలో కచేరీ చేశారు. 2004లో పద్మశ్రీ పొందారు. నేడు కర్ణాటకలోని పెళ్ళిళ్ళలో శాక్సఫోన్ మేళం మామూలు విషయమైంది.

9.5.3 తిమిరి, బారి నాదస్వరాలు

నాదస్వరంలో రెండు రకాలు ప్రసిద్ధం. పొట్టిగా, హెచ్చు శ్రుతిలో ఉండేది తిమిరి. పొడవుగా, తగ్గు శ్రుతిలో ఉండేది బారి. తిమిరి సుమారు నాలుగు, ఐదు శ్రుతుల మధ్య, బారి రెండు, రెండున్నర శ్రుతుల ప్రాంతంలో ఉంటాయి. ఊరేగింపుల్లో దూరానికి వినిపించడానికి తిమిరి అనువైనది. సభల్లో కూర్చుని రాగాన్ని విస్తరించి వినిపించడానికి బారి బాగుంటుంది. తమిళనాడుకు చెందిన టి.ఎన్. రాజరత్నం పిళ్ళై (1898–1956) బారిని ప్రచారంలోకి తెచ్చారు. తెలుగువారిలో ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా (1924–1999) నాదస్వరాన్ని కచేరీ వేదికపై గౌరవ స్థానంలో నిలిపారు. వీధి నుంచి సభకు మారినప్పుడు వాద్యం తగ్గు శ్రుతికి దిగడం గమనించదగ్గది. వినేవారు దగ్గరికి వచ్చినప్పుడు, కేక వేయవలసిన అవసరం తీరినప్పుడు ధ్వనిలోని నిండుదనానికి విలువ వస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. ఐదు శ్రుతిలో పాడే గాయని మంద్ర పంచమం, తార పంచమం ఎన్ని హెర్ట్జ్?
2. వయోలా ధ్వని ప్రత్యేకంగా ఉండటానికి కారణమేమిటి?

9.6 బృందానికి శ్రుతి ఎంపిక

పరిచయంలో చెప్పుకున్న ప్రార్థన బృందం దగ్గరికి ఇప్పుడు వద్దాం. హార్మోనియం ఒకటి శ్రుతిలో పెట్టారనుకోండి. పురుషుల షడ్జం 131 హెర్ట్జ్. స్త్రీలకు అది మరీ లోతు. కాబట్టి వారు ఒక స్థాయి పైకి వెళ్ళి 262 హెర్ట్జ్‌ను షడ్జంగా తీసుకుంటారు. పాట తార షడ్జం దాటకపోతే వారు 262 నుంచి 523 హెర్ట్జ్ వరకే పాడాలి. ఆల్టో గొంతులకూ ఇది అందుతుంది. జనగణమన సుమారు ఒక స్థాయిలో ముగిసే పాట కాబట్టి ఈ శ్రుతిలో అందరూ పాడగలుగుతారు.

కానీ పాట తార పంచమం దాకా వెళితే స్త్రీలు 785 హెర్ట్జ్ అందుకోవాలి. అది పూర్తిగా సొప్రానో ప్రాంతం. మన పిల్లల్లో ఇద్దరికి గొంతు చీలింది సరిగ్గా ఇక్కడే. అంటే శ్రుతి ఒక్కటే చూస్తే చాలదు. పాట పరిధిని కూడా చూడాలి.

దీనికి ఆచరణలో ఉన్న మార్గాలు నాలుగు:

(అ) బృందగానానికి ఒక స్థాయి, లేదా అంతకు కొంచెం ఎక్కువ పరిధి గల పాటలను ఎంచుకోవడం.

(ఆ) పరిధి ఎక్కువైన పాటలను స్త్రీలు ఐదు శ్రుతిలో, పురుషులు ఒకటి శ్రుతిలో విడివిడిగా పాడటం. భజనల్లో స్త్రీలు ఒక పాట, పురుషులు ఒక పాట చెప్పేటప్పుడు హార్మోనియం వాయించేవారు శ్రుతి మార్చడం ఇందుకే.

(ఇ) పల్లవిని అందరూ, పైకి వెళ్ళే చరణాలను అందుకోగలిగినవారు, కిందికి దిగే చరణాలను ఆల్టో గొంతులవారు పాడేలా పంచడం.

(ఈ) పాశ్చాత్య పద్ధతిలో వలె ఆల్టో గొంతులకు వేరే స్వరక్రమం ఇవ్వడం. చర్చి గాయక బృందాల్లో నాలుగు భాగాల గానం నేర్చినవారికి ఇది పరిచితమే. అక్కడ ఆల్టో చాలాసార్లు ప్రధాన రాగాన్ని పాడదు. పైనున్న సొప్రానోకు, కిందనున్న టెనర్‌కు మధ్య ఖాళీని నింపుతుంది. ఆల్టో పాడుతున్నప్పుడు శ్రోత దాన్ని విడిగా గుర్తించకపోవచ్చు. అది ఆగిపోతే మాత్రం పాట పలచబడినట్లు వెంటనే తెలుస్తుంది.

9.7 అభ్యాస కృత్యాలు

కృత్యం 1: మీ సుఖ పరిధిని కనుక్కోండి. సెల్‌ఫోన్‌లో ఏదైనా ట్యూనర్ ఆప్ గానీ, దగ్గర్లోని హార్మోనియం గానీ చాలు. ఉదయం లేచిన వెంటనే కాక, కొంతసేపు మాట్లాడిన తరువాత ప్రయత్నించండి. మామూలుగా మాట్లాడే శ్రుతిలో ‘ఆ’ అని పలికి ఆ స్వరాన్ని గుర్తించండి. అక్కడి నుంచి ఒక్కో మెట్టు కిందికి దిగండి. గాలి మాత్రమే వచ్చి ధ్వని పలచబడిన చోట ఆగండి. తరువాత ఒక్కో మెట్టు పైకి వెళ్ళండి. మెడ నరాలు బిగిసినా, గడ్డం పైకి లేచినా అక్కడితో ఆపండి. ఈ రెండు హద్దులకూ లోపల రెండేసి మెట్లు వదిలి మిగిలినది మీ సుఖ పరిధి. దాన్ని పట్టిక 9.2తో పోల్చండి.

కృత్యం 2: మీకు తెలిసిన ఒక పాటలో అతి కింది స్వరాన్ని, అతి పై స్వరాన్ని గుర్తించండి. అవి రెండూ మీ సుఖ పరిధిలోకి రావాలంటే షడ్జం ఎక్కడ ఉండాలో నిర్ణయించండి.

కృత్యం 3: హిందూపురం దగ్గరి లేపాక్షి ఆలయాన్ని సందర్శించినప్పుడు నాట్యమండప స్తంభాల మీద వాద్యకారుల శిల్పాలను పరిశీలించండి. ఏ వాద్యం ఎంత పరిమాణంలో ఉందో రాసుకుని, ఏది హెచ్చు శ్రుతిలో, ఏది తగ్గు శ్రుతిలో పలుకుతుందో ఊహించి, కారణాలు రాయండి.

9.8 సారాంశం

ఆల్టో అంటే మొదట టెనర్‌కు పైన నడిచే పురుషుల భాగం. స్త్రీలు బృందగానంలోకి వచ్చాక అది తక్కువ శ్రుతి గల స్త్రీ గొంతుకు పేరయింది. దాని పరిధి సుమారు 196 నుంచి 659 హెర్ట్జ్. స్వరతంత్రుల పొడవు, మందం, బిగువు గొంతు పరిధిని నిర్ణయిస్తాయి. నాలుగున్నర నుంచి ఆరు శ్రుతుల మధ్య పాడే కర్ణాటక సంగీత గాయనులు ప్రధానంగా ఈ పరిధిలోనే పాడుతున్నారు. వాద్యాల్లో వయోలా, ఆల్టో శాక్సఫోన్ ఈ స్థానంలో ఉన్నాయి. తిమిరి నుంచి బారికి జరిగిన మార్పు కూడా తగ్గు శ్రుతి నిండుదనానికి దక్కిన గుర్తింపే. ఒక గొంతు బాగుందా లేదా అని తీర్పు చెప్పే ముందు, దానికి తగిన శ్రుతిని ఇచ్చామా లేదా అని చూసుకోవాలి.

9.9 ‘మీ ప్రగతిని సరిచూసుకోండి’ – సమాధానాలు

ఒకటవ భాగం: 1. ఎత్తయినది. 2. అలసట లేకుండా ఎక్కువసేపు నిలకడగా పాడగల స్వరాల విస్తృతి.
రెండవ భాగం: 1. 147, 588 హెర్ట్జ్. 2. శ్రుతికి అవసరమైన దానికంటే పెట్టె చిన్నదిగా ఉండటం.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ‘ఆల్టో’ పదం అర్థంలో వచ్చిన మార్పును చారిత్రక కారణాలతో వివరించండి.
2. కర్ణాటక సంగీత గాయనుల గాత్ర పరిధిని ఆల్టో పరిధితో లెక్కల సహాయంతో పోల్చండి.

II. ఈ ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. స్వరతంత్రుల నిర్మాణానికి, గొంతు పరిధికి ఉన్న సంబంధం ఏమిటి?
2. తిమిరి, బారి నాదస్వరాల మధ్య భేదాలను, వాటి ఉపయోగాలను తెలపండి.
3. స్త్రీ పురుషులు కలిసి పాడే బృందానికి శ్రుతి ఎంపిక చేసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?